ఊరంతటికీ వారెంటు

గుంటూరులో ఒక ఆడపిల్లల కాలేజీలో నేను ఇంగ్లాండు రాజ్యాంగ చరిత్ర చెప్పేదాన్ని. బి.ఏ. పిల్లలకి అదొక పేపరు. ఇంగ్లీషువాళ్ళు మన దేశం విడిచి ముప్పై ఏళ్ళు కావస్తున్నా, వాళ్ళ రాజులు మాత్రం మా సిలబస్‌ని విడవలేదు. నేను నోట్సు చెప్పడం, పిల్లలు తలలు వంచుకుని రాసుకోవడం, మార్చిలో అదంతా అక్షరం పొల్లుపోకుండా మళ్ళీ పరీక్ష కాగితం మీదికి దిగడం. అంతే మా చదువు.

అప్పుడప్పుడు మాత్రం క్లాసు కాస్త కదిలేది. పూర్వం రాజుగారి ఖజానా కచేరీలో బల్ల మీద గళ్ళ గుడ్డ పరిచేవారనీ, ఆ గళ్ళలో బిళ్ళలు జరుపుతూ జిల్లాల నుంచి వచ్చిన శిస్తు తేల్చేవారనీ, ఆ గళ్ళ గుడ్డ పేరే చివరికి ఆ శాఖ పేరైపోయిందనీ చెప్పినప్పుడు, వెనక బెంచీ పిల్ల లేచి, "అష్టాచెమ్మా ఆడుకునేవాళ్ళా మేడమ్?" అంది. క్లాసంతా గొల్లుమంది. నాకూ నవ్వాగలేదు.

ఇంకొక పాఠం నాకు చాలా ఇష్టం. రాజుకి యుద్ధానికో కోటలకో డబ్బు కావలసి వచ్చినప్పుడు ఊళ్ళ నుంచి ప్రతినిధుల్ని పిలిపించేవాడు. వాళ్ళు వచ్చి, "ప్రభూ, ఇస్తాం. కానీ ముందు మా కష్టాలు వినండి" అనేవారు. వింటే పన్నుకి ఒప్పుకునేవారు. వినకపోతే నానబెట్టేవారు. పార్లమెంటు బలమంతా ఆ చిన్న పట్టుదల లోంచి పుట్టిందని పుస్తకాల్లో పేజీలకి పేజీలు ఉండేవి. పిల్లలకి గుర్తుండాలని నేను దాన్ని నాలుగు ముక్కలు చేశాను: "గోడు ముందు, గ్రాంటు వెనక." ఎమర్జెన్సీ రోజుల్లో ఆ పాఠం చెప్పేటప్పుడు ఒకసారి ప్రిన్సిపాల్ గారు వరండాలో ఆగి విని వెళ్ళిపోయారు. సాయంత్రం స్టాఫ్ రూములో, "పరీక్షకి ఎంత కావాలో అంతే చెప్పమ్మా" అన్నారు. ఆవిడ భయం నాకు అర్థమైంది. అయినా ఆ ఏడాది ఆ పాఠం నేను రెండుసార్లు చెప్పాను.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాదే నేను అమెరికా వచ్చాను. మావారు డాక్టరు. న్యూజెర్సీలో ట్రెయినింగు ముగించుకుని, మసాచుసెట్స్ పడమటి కొండల్లో ఒక చిన్న ఆసుపత్రిలో ఉద్యోగం చూసుకున్నారు. మా తెలుగువాళ్ళందరూ న్యూజెర్సీలోనే పిస్కాటవే చుట్టుపక్కల ఉంటే మేం మాత్రం పైన్ చెట్ల మధ్య ఒక వాగు అవతల ఇల్లు కొనుక్కున్నాం. న్యూజెర్సీలో ఉన్న నా స్నేహితురాలు ఫోన్ చేసినప్పుడల్లా, "ఆ అడవిలో ఏం చేస్తున్నావే తల్లీ? అక్కడ కందిపప్పయినా దొరుకుతుందా?" అనేది. దొరికేది కాదు. రెండు నెలలకోసారి న్యూజెర్సీ వెళ్ళి కారు డిక్కీ నింపుకొచ్చుకునేవాళ్ళం.

పప్పు సంగతి అలా ఉంచితే, నాకు అసలు లోటు పని లేకపోవడం. దగ్గర్లో ఉన్న ఒక కాలేజీకి వెళ్ళి అడిగాను. అక్కడి ఆయన నా సర్టిఫికెట్లు మర్యాదగా చూసి, "ఇంగ్లాండు చరిత్ర చెబుతారా? ఇండియా చరిత్ర అయితే ఆలోచించేవాళ్ళం" అన్నాడు. ఇంటికి వచ్చి మావారితో చెబితే ఆయన నవ్వి, "వాళ్ళ సరుకు వాళ్ళకే అమ్మబోయావు మరి" అన్నారు. నాకు నవ్వు రాలేదు. ఆ తర్వాత పాప పుట్టడంతో కొన్నాళ్ళు ఆ ఊసే మరిచిపోయాను.

ఒక మార్చి నెలలో పోస్టాఫీసుకి వెళ్ళిన మావారు ముఖం గంభీరంగా పెట్టుకుని తిరిగి వచ్చారు.

"మన ఊరికి వారెంట్ వచ్చింది. కానిస్టేబుల్ వచ్చి పోస్టాఫీసు తలుపుకి అంటించి వెళ్ళాడు."

"ఎవరి మీద?"

"అందరి మీదా. నువ్వూ రెడీ అవ్వు."

మర్నాడు వెళ్ళి చదివాను. నిజంగానే పైన పెద్దక్షరాలతో వారెంట్ అని ఉంది. ఊరి కానిస్టేబుల్‌కి ఆజ్ఞ: ఓటు హక్కున్న వాళ్ళందరినీ ఫలానా శనివారం పొద్దున స్కూలు జిమ్‌లో హాజరు కమ్మని హెచ్చరించవలెను. కింద అంశాలు వరసగా ఉన్నాయి. రోడ్లకి ఎంత, స్కూలుకి ఎంత, మంచు తీయడానికి ఉప్పుకి ఎంత. ఆ తెల్లకాగితం ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. రాజుగారి పేరు మీద జిల్లా అధికారికి హుకుం వెళ్ళడం, ఆయన ఊళ్ళ వాళ్ళని పిలిపించడం, పిలిపించింది డబ్బు కోసమే కావడం... నేను బోర్డు మీద రాసిన భాషే. రాజు స్థానంలో ఊరి పాలన చూసే ముగ్గురు సెలక్ట్‌మెన్ ఉన్నారు, అంతే తేడా.

ఆ శనివారం పాపని ఎత్తుకుని వెళ్ళాం. తలుపు దగ్గర ఒకావిడ ఓటర్ల పేర్లు చూసి లోపలికి పంపుతోంది. మాకు పౌరసత్వం లేదు కాబట్టి పక్కన గోడవారగా వేసిన కుర్చీలు చూపించింది. రైతులు, టీచర్లు, రంపపు మిల్లులో పనిచేసేవాళ్ళు, అల్లికలు చేసుకుంటూ ముసలమ్మలు, అందరూ మడత కుర్చీల్లో. ముందు బల్ల దగ్గర మీటింగు నడిపే మోడరేటర్, ఒక రిటైరైన లెక్కల మాస్టారు. ఒక్కొక్క అంశం చదవడం, ఎవరో లేచి "అంత ఉప్పు ఎందుకు?" అనడం, రోడ్ల సూపర్‌వైజర్ లేచి జవాబు చెప్పడం, చేతులెత్తడం. మధ్యాహ్నం చర్చి ఆడవాళ్ళు భోజనం అమ్మారు. చిక్కుడు గింజల కూర చూసి ఆశపడ్డాను. అందులోనూ పంది మాంసం ముక్క ఉందని చెబితే, రొట్టె, యాపిల్ పై తిని సరిపెట్టుకున్నాను. మావారు విసుగుతో కునికిపాట్లు పడ్డారు. నేను మాత్రం సాయంత్రం దాకా కదల్లేదు.

ఆ తర్వాత ప్రతి ఏడూ వెళ్ళేదాన్ని, ఆ గోడవార కుర్చీలోకి.

వాగు అవతల మాకు పక్కిల్లంటే ఒక పాడి రైతు దంపతులది. ఇద్దరూ డెబ్బై దాటినవాళ్ళు. పెద్దాయన మాట తక్కువ మనిషి. పెద్దావిడ మాత్రం గడగడా మాట్లాడేది. నన్ను "అమ్మాయ్" అన్నంత చనువుగా పిలిచేది. మా పాపకి పచ్చిపాలు కాచి పట్టడం చూసి, "మా అమ్మ కూడా ఇలాగే కాచేది" అని మురిసిపోయింది. మా ఇళ్ళకీ ఊరికీ మధ్య ఒక ఇనప వంతెన, దాని మీద చెక్క పలకలు. నేను వచ్చినప్పటి నుంచీ అది మూలుగుతూనే ఉంది. ఒక చలికాలం వాగులో గడ్డకట్టిన మంచు పెళ్ళలు వచ్చి గుద్దుకుని స్తంభం ఒకటి ఒరిగింది. ఊరివాళ్ళు అడ్డంగా కర్రలు పెట్టి, కార్లు పోకూడదని బోర్డు తగిలించారు. మనుషులు నడిచి వెళ్ళొచ్చు. కారైతే కొండ చుట్టూ తిరిగి వెళ్ళాలి. స్కూలు బస్సూ అంతే, పాల లారీ అంతే.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం పెద్దావిడ ఫోన్ చేసింది. "మీ ఆయన్ని పంపు. ఈయన కూర్చున్న చోటే ఒరిగిపోతున్నాడు." మావారు బ్యాగు తీసుకుని మంచులో పరుగెత్తారు. వెనకే నేనూ వెళ్ళాను. పెద్దాయనకి పక్షవాతం. కుడిచేయి వేలాడిపోయింది. ఏదో చెప్పాలని నోరు తెరుస్తున్నాడు, మాట రావడం లేదు. ఊళ్ళో అంబులెన్సు నడిపేది వాలంటీర్లు. వాళ్ళు వంతెన అవతలి ఒడ్డుకి వచ్చి ఆగిపోయారు. చుట్టూ తిరిగి వద్దామంటే కొండ రోడ్డు మీద మంచు ఇంకా తీయలేదు.

చివరికి స్ట్రెచరు పట్టుకుని నడిచి వచ్చారు. పెద్దాయన్ని దుప్పట్లలో చుట్టి, నలుగురూ మోసుకుంటూ ఆ ఒరిగిన వంతెన మీదుగా తీసుకెళ్ళారు. ముందు వైపు పట్టుకున్నాయన ఊళ్ళో మేకులూ పలుగులూ అమ్మే హార్డ్‌వేర్ షాపు యజమాని. భారీ మనిషి. అడుగు తీసి అడుగు వేస్తూ, "పలక ఊడింది, చూసుకోండి... ఇక్కడ జారుతుంది" అంటూ వెనకవాళ్ళకి చెబుతున్నాడు. పక్కనే మావారు పెద్దాయన ఎడమచేయి పట్టుకుని నడిచారు. పెద్దావిడ నా భుజం పట్టుకుంది. ఆవిడ ఏడవలేదు. వాగు వైపు కూడా చూడలేదు. వాళ్ళు అవతలి ఒడ్డుకి చేరేదాకా ఆవిడ వేళ్ళు నా కోటులో దిగబడిపోయి ఉన్నాయి.

పెద్దాయన బతికాడు. మాట కొంత వచ్చింది, కుడిచేయి రాలేదు. ఆవులు పితికే పని పెద్దావిడ, ఒక జీతగాడు చూసుకోవడం మొదలుపెట్టారు. ఆవిడ సెలక్ట్‌మెన్ దగ్గరికి వెళ్ళి అడిగింది. రాష్ట్రంలో జనం ఓటేసి ఆస్తిపన్ను పెరగకుండా కట్టడి చేసుకున్న రోజులవి. ఏ ఊళ్ళోనూ డబ్బు లేదు. "వారెంట్‌లో పెడతాం. మీటింగ్ ఏమంటుందో చూద్దాం" అన్నారు వాళ్ళు.

పెట్టారు కూడా. ఒకరోజు పెద్దావిడ ఆ కాగితం తెచ్చి మా వంటింటి బల్ల మీద పరిచింది. నేను టీ పెట్టి వచ్చి చదివాను. వంతెన అంశం అన్నిటికన్నా చివర ఉంది.

"ఇది ఎప్పుడు వస్తుంది చర్చకి?" అని అడిగాను.

"భోజనాలయ్యాక. బాగా పొద్దుపోయాక."

"అప్పటికి రోడ్లవాళ్ళకి, స్కూలుకి, కొత్త లారీకి డబ్బంతా ఇచ్చేసి ఉంటారు కదా? ఇక వంతెనకి ఏం మిగులుతుంది?"

ఆవిడ టీ కప్పు కింద పెట్టింది. "నా చిన్నప్పటి నుంచి ఆ మీటింగుకి వెళ్తున్నాను. మొదటి అంశం నుంచి చివరి అంశం దాకా వరసగా పోవడమే. ఎవరూ మార్చగా చూడలేదు."

"మార్చకూడదని రూలుందా?"

"ఏమో. రూలుందని ఎవరూ అనలేదు, లేదనీ అనలేదు."

అప్పుడు నేను ఆవిడకి గుంటూరు క్లాసులో చెప్పిన పాఠం చెప్పాను. వంటింట్లో, పోపు వాసన మధ్య, పాప నేల మీద గిన్నెలు వాయిస్తుంటే. ఆవిడ చెంప మీద చేయి పెట్టుకుని విని, "అయితే ఆ ముక్క నువ్వే చెప్పాలి" అంది.

"నాకు ఓటు లేదండీ. నేను మాట్లాడకూడదు."

"మీటింగ్ సరేనంటే మాట్లాడొచ్చు. నేను అడుగుతాగా."

రాత్రి భోజనాల దగ్గర మావారికి చెప్పాను. ఆయన మజ్జిగ కలుపుకుంటూ అన్నారు: "నాకేం అభ్యంతరం లేదు. కానీ చూసుకో. ఇక్కడ అందరూ నా పేషెంట్లే. రేపు ఎవరికో కోపం వస్తే నా చేత ఇంజెక్షన్ చేయించుకోరు."

"మీకు ఇష్టం లేకపోతే మానేస్తాను."

"అలా అన్లేదే. వెళ్ళు. ఆ స్ట్రెచర్ పక్కన నడిచింది నేనేగా."

ఆ శనివారం చీర మీద కోటు, కాళ్ళకి మంచు బూట్లు వేసుకుని వెళ్ళాను. మీటింగ్ మొదలవగానే పెద్దావిడ లేచి నిలబడింది. వంతెన అంశాన్ని మొదటికి జరపాలని ప్రతిపాదించింది. మోడరేటర్ కళ్ళజోడు సవరించుకుని, కారణం చెప్పమన్నాడు. ఆవిడ మొదలుపెట్టింది గానీ, భర్త పేరు దాకా వచ్చి ఆగిపోయింది. "మిగతాది ఆవిడ చెబుతుంది" అని నా వైపు చూపించింది.

హాలంతా తిరిగి చూసింది. మోడరేటర్ అన్నాడు: "ఓటరు కానివారు మాట్లాడాలంటే మీటింగ్ ఒప్పుకోవాలి. ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

ఉన్నట్టుంది. హార్డ్‌వేర్ షాపాయన లేచాడు. ఆయన ఊరి ఫైనాన్స్ కమిటీలో కూడా ఉండేవాడు. ఏ అంశానికి ఎంత ఇవ్వొచ్చో ముందే చూసి ఊరికి సలహా చెప్పే కమిటీ అది.

"ఆవిడ మీద నాకేం లేదు. వాళ్ళాయన మా అమ్మకి డాక్టరు. కానీ ఇది ఓటర్ల మీటింగ్. ఇవాళ ఆవిడకి ఇస్తే రేపు వేసవి సెలవులకి వచ్చిపోయే ప్రతివాడికీ ఇవ్వాలి. రూలు రూలే."

ఆ మాటలో తప్పు పట్టుకోవడానికి కూడా ఏమీ లేదు. లేచి బయటికి పోదామా అనుకుంటూ ఉండగా, వెనక నుంచి ఎవరో గట్టిగా అన్నారు: "ఆవిడ ఇంటి పన్ను కడుతోందా లేదా?"

"కడుతోంది" అంది పెద్దావిడ.

"పన్ను కట్టి నోరు మూసుకోమంటే ఈ రాష్ట్రంలో ఇంతకు ముందొకసారి పెద్ద గొడవే అయింది. ఇంగ్లాండు రాజు మీద కోపంతో ఓడ నిండా ఉన్న టీ సముద్రంలో పారబోశారు."

హాలంతా నవ్వు. హార్డ్‌వేర్ షాపాయన కూడా నవ్వాడు, తల అడ్డంగా ఊపుతూ. మోడరేటర్ చేతులెత్తమన్నాడు. ఎక్కువ చేతులే లేచాయి.

మైకు దగ్గరికి నడుస్తుంటే బూట్ల చప్పుడు నాకే వినిపించింది. ఎన్నో క్లాసులు చెప్పిన దాన్నే, అయినా మైకుని రెండుసార్లు సర్దుకున్నాను.

"మిస్టర్ మోడరేటర్, నేను ఇండియాలో కాలేజీ పిల్లలకి ఇంగ్లాండు చరిత్ర చెప్పేదాన్ని. పాత పార్లమెంటులో ఒక ఆచారం ఉండేది. రాజు డబ్బు అడిగితే, ముందు జనం కష్టం వినమనేవారు, తర్వాతే డబ్బు ఇచ్చేవారు. రాజు చెడ్డవాడని కాదు. డబ్బు చేతికొచ్చినవాడికి వినే తీరిక ఉండదు, అందుకని. మా వంతెనకి డబ్బు ఇవ్వమని అడిగే హక్కు నాకు లేదు. మీ దగ్గర ఇంకా డబ్బు ఉన్నప్పుడే ఆ సంగతి వినమని మాత్రం అడుగుతున్నాను. అంతే."

కూర్చున్నాను. అక్కడ చప్పట్లు కొట్టకూడదు. ఎవరూ కొట్టలేదు. గుంటూరులో నా పిల్లలు పాఠం అయ్యాక ఇలాగే నిశ్శబ్దంగా ఉండేవారు, గంట కొట్టేదాకా.

నోటితో అవుననీ కాదనీ అనమంటే రెండు వైపులా గొంతులు సమానంగానే వినిపించాయి. నిలబడమన్నారు. లెక్కపెట్టారు. అంశం ముందుకి జరిగింది.

ఇక అప్పుడు మొదలైంది అసలు వాదన. భోజనాల వేళ దాటిపోయింది. చర్చి ఆడవాళ్ళు తలుపులో నిలబడి గరిటెలు చూపిస్తున్నారు. కొత్త వంతెనకి ఊరి తాహతు చాలదని తేలిపోయింది. అప్పుడు రోడ్ల సూపర్‌వైజర్ తల గోక్కుంటూ లేచి, ఈ ఏడాది కొత్త లారీ మానుకుంటే ఉక్కు దూలాలు వేసి పాత వంతెనని నిలబెట్టగలనని చెప్పాడు. అంబులెన్సు పోతుంది, స్కూలు బస్సు పోతుంది. పాల లారీ మాత్రం బరువెక్కువ, పోదు. దానికి ఒప్పుకున్నారు. చేతులెత్తిన వాళ్ళలో పెద్దావిడ కూడా ఉంది.

బయటికి వచ్చాక అడిగాను, "మరి మీ పాల లారీ?"

"కొండ చుట్టూ తిరుగుతుంది. ఆవులకి తొందరేం లేదు" అంది ఆవిడ.

ఆవులు ఎక్కువ కాలం లేవు. దేశంలో పాలు ఎక్కువైపోయాయని, మందలు మందలుగా వదిలేసుకునే రైతులకి ప్రభుత్వమే పరిహారం ఇచ్చిన ఏడాది ఒకటి వచ్చింది. పెద్దావిడ ఒప్పుకుంది. లారీలు వచ్చి ఆవుల్ని తీసుకెళ్ళిన రోజున నేను అన్నం, చారు పట్టుకెళ్ళాను. పెద్దాయన కొట్టం గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఎడమచేత్తో ఖాళీ కడ్డీల్ని తడుముతూ కూర్చున్నాడు.

ఆలోపే మాకు పౌరసత్వం వచ్చింది. ప్రమాణం చేయించిన రోజున ఏ రాజుకీ, ఏ ప్రభువుకీ విధేయురాలిని కానని చెప్పించారు. ఆ మాట అంటుంటే నాకు లోలోపల నవ్వొచ్చింది. రాజుల వల్లే ఒకప్పుడు జీతం తీసుకున్న మనిషిని మరి.

తర్వాతి చలికాలం మోడరేటర్ ఫోన్ చేశాడు. ఫైనాన్స్ కమిటీలో ఒక ఖాళీ వచ్చింది, కూర్చుంటావా అని. కూర్చుంటానన్నాను. టౌన్ హాలు కింద గదిలో హీటరు పక్కన కమిటీ కలిసేది. అప్పటికి హార్డ్‌వేర్ షాపాయన దానికి అధ్యక్షుడు. మొదటిరోజు నాకు హీటరు దగ్గరి కుర్చీ చూపించి, కాఫీ కప్పు ముందు పెట్టి అన్నాడు:

"ఒక మాట ముందే చెప్పుకుందాం. ఆ రోజు నువ్వు మాట్లాడకూడదన్నాను. మళ్ళీ అడిగినా అదే అంటాను."

"మీరన్నది రూలే కదండీ."

"రూలే. కానీ అంశం ముందుకి జరపాలన్నప్పుడు నేనూ లేచి నిలబడ్డాను. చూశావా?"

"చూడలేదు."

"చూసి ఉండవులే. నేల చూస్తూ కూర్చున్నావు" అని కాగితాలు తీశాడు. "ఆయన్ని మోసినప్పుడు మూడో పలక దగ్గర నా కాలు జారింది. ఎవరికీ చెప్పలేదు."

ఆ గదిలో నేను నేర్చుకున్నది ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఏళ్ళ తరబడి పాఠం చెప్పినా నేనెప్పుడూ జనం వైపే నిలబడి చెప్పాను, రాజు వైపు కూర్చుని చూడలేదు. స్కూలు కప్పు కారుతోందని ప్రిన్సిపాల్ వచ్చేవాడు. పంపు పాతదైపోయిందని ఫైర్ చీఫ్ వచ్చేవాడు. ప్రతి ఒక్కరూ చెప్పేది నిజమే. అందరికీ సరేనంటే పన్ను కట్టలేక ఇల్లు అమ్ముకునే ముసలివాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. ఇంటికి వచ్చి కారు దిగకుండా అలాగే కూర్చుండిపోయిన రోజులున్నాయి. మావారు కిటికీ లోంచి చూసి, "ఎవరికి నో చెప్పొచ్చావు ఇవాళ?" అనేవారు.

ఎనభైల చివర్లో ఒక ఏడాది లైబ్రరీ వంతు వచ్చింది. శనివారాలు ఇకముందు కూడా తెరిచి ఉంచడానికి లైబ్రేరియన్ కాస్త ఎక్కువ అడిగింది. కమిటీలో ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆ ఏడాది ఊరు కట్టాల్సిన ఇన్సూరెన్సులు విపరీతంగా పెరిగిపోయాయి. చివరికి వద్దనే నిర్ణయించాం. మీటింగులో లైబ్రరీ అంశం మీద కమిటీ మాట చెప్పే పని నాకు పడింది.

అప్పటికి మా అమ్మాయి స్కూల్లో పెద్ద క్లాసుల్లోకి వచ్చింది. శనివారం వస్తే ఆ లైబ్రరీలోనే పడి ఉండేది. నేను మైకు ముందు నిలబడి, కమిటీ దీన్ని సిఫారసు చేయడం లేదని కారణాలతో సహా చెప్పాను. గోడవారగా పిల్లల్లో కూర్చున్న మా అమ్మాయి నా వైపే చూస్తోంది. నేను అటు చూడలేదు.

నేను కూర్చోగానే పెద్దావిడ లేచింది. వంగిపోయింది, కర్ర వచ్చింది, గొంతు మాత్రం అదే. "మా ఆయనకి పుస్తకం పట్టుకోవడం కుదరదు. శనివారం నేను లైబ్రరీకి వెళ్ళి పెద్దక్షరాల పుస్తకాలు తెచ్చి ఆయనకి చదివి వినిపిస్తాను. ఆవులు పోయాక మాకున్నది అదొక్కటే. కమిటీ వాళ్ళు తెలివైనవాళ్ళే, వాళ్ళ లెక్క తప్పని నేననను. అయినా ఆ డబ్బు చేర్చాలని నా ప్రతిపాదన."

చేతులెత్తమన్నాడు మోడరేటర్. సగానికి పైగా హాలు చేతులెత్తింది. కాదన్న వాళ్ళని ఎత్తమన్నప్పుడు మా అధ్యక్షుడు నిక్కచ్చిగా ఎత్తాడు. నా చేయి మాత్రం రెండుసార్లూ ఒళ్ళోనే ఉండిపోయింది. మేం ఓడిపోయాం. అధ్యక్షుడు జేబులోంచి పిప్పరమెంటు బిళ్ళ తీసి నా చేతిలో పెట్టి, "అందుకే గదా మీటింగ్ ఉంది" అన్నాడు.

తలుపు దగ్గర పెద్దావిడ నన్ను ఆపింది. "కోపం వచ్చిందా అమ్మాయ్?"

"ఎందుకండీ కోపం?"

"అందరి ముందూ నీ మాట పడగొట్టాను."

"నా ఒక్కదాని మాట కాదుగా, కమిటీ మాట. మీరు అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?"

ఆవిడ నా చెంప తట్టి, కర్ర ఊతగా మెట్లు దిగింది.

కారులో మా అమ్మాయి కిటికీకి ఆనుకుని కూర్చుంది. వాగు దాటాక అంది, "అమ్మా, నువ్వు లూజ్ అయ్యావ్."

"అవును."

"ఆర్ యూ సాడ్?"

"లేదే."

"మరి నువ్వు నో చెప్పావ్ కదా? వై?"

"డబ్బు తక్కువుందని చెప్పాలి కదమ్మా, తెలిసినవాళ్ళం. తెలిశాక కూడా కావాలంటే, అది వాళ్ళిష్టం. వాళ్ళ డబ్బు."

"దట్స్ వియర్డ్" అంది. కొంచెం ఆగి, "బట్ ఓకే" అంది.

ఇంటికి వెళ్ళేసరికి మావారు వంటింట్లో ఉప్మా కలుపుతున్నారు. జీడిపప్పు మాడ్చేశారు. "ఓడిపోయావటగా? అప్పుడే ఫోన్ చేసి చెప్పారు" అన్నారు. ముగ్గురం కూర్చుని ఆ ఉప్మాయే తిన్నాం.

ఊరికి కొత్త లెక్కల ఏడాది జూలైలో మొదలవుతుంది. మొదటి శనివారం అమ్మాయిని తీసుకుని లైబ్రరీకి వెళ్ళాను. కిటికీలు తెరిచి ఉన్నాయి. బయట ఎవరో గడ్డి కోస్తున్నారు. పెద్దావిడ ఒక అర ముందు స్టూలు మీద కూర్చుని, ఏ పుస్తకం తీసుకోవాలో తేలక మూడు ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది. మా అమ్మాయి వెళ్ళి పక్కన కూర్చుని, "దిస్ వన్ ఈజ్ గుడ్" అని ఒకటి తీసి ఇచ్చింది. ఇద్దరూ తలలు దగ్గరగా పెట్టుకుని మొదటి పేజీ చదవడం మొదలుపెట్టారు.